లొకేల్ ప్రోగ్రాం మొత్తానికి ఒక్కటే ఎందుకుండాలి?

అంకెలు, తేదీలు, అక్షర క్రమం ఏ భాష, ఏ ప్రాంతం పద్ధతిలో ఉండాలో చెప్పే అమరికను లొకేల్ అంటారు, సీ భాషలో దాన్ని మార్చే ఫంక్షన్ సెట్‌లొకేల్. సీ భాషలో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది ఈ సెట్‌లొకేల్ జోలికి పోరు. పోయినవాళ్లు ఒకసారి దెబ్బతిని వెనక్కి వచ్చి, "సీ లొకేల్‌లోనే ఉంచెయ్, తెలుగు సంగతి మనమే చేత్తో రాసుకుందాం" అని జూనియర్లకు చెబుతారు. ఈ సలహా నాకు నచ్చదు. దెబ్బ తగలడం నిజమే. కానీ దానికి కారణం తెలుగు లొకేల్ వాడటమని తేల్చేయడం అన్యాయం. అసలు కారణం ఆ లొకేల్ ఎక్కడ ఉంటుంది, దాన్ని ఎవరు మార్చగలరు అన్న దగ్గర ఉంది. అది సీ లైబ్రరీ నిర్మాణానికి సంబంధించిన విషయం. హన్మకొండలో కూర్చుని సీ కోడు రాసుకునే మనబోటివాళ్లకు జర్మన్, ఫ్రెంచ్ ప్రోగ్రామర్లకు ఎంత అవసరమో అంత అవసరం.

సెట్‌లొకేల్ 1989 నాటి సీ ప్రమాణంతో వచ్చింది. ప్రోగ్రాం మొదలైనప్పుడు "సీ" అనే లొకేల్‌లో ఉంటుంది: దశాంశానికి చుక్క, అంకెల మధ్య కామా ఉండదు, వారాల పేర్లు ఇంగ్లిష్‌లో. ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి సెట్‌లొకేల్‌ను పిలిస్తే ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్న ఎల్‌సీ ఆల్, ఆ తర్వాత ఆయా విభాగాల వేరియబుల్స్, చివరికి లాంగ్ చూసి వాడేవాడికి తగ్గ లొకేల్ ఎంచుకుంటుంది. అంకెలకు, డబ్బుకు, తేదీలకు, అక్షర క్రమానికి, అక్షరాల రకాలకు వేర్వేరు విభాగాలున్నాయి. ఒక ప్రోగ్రాం, ఒక టెర్మినల్, దాని ముందు ఒక మనిషి ఉన్న రోజుల్లో ఈ ఏర్పాటుకు వంక పెట్టడానికేమీ లేదు. ఆ మనిషికి తెలుగు కావాలంటే ప్రోగ్రాం మొత్తం తెలుగులోకి మారుతుంది, అంతే.

తర్వాత థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు, వచ్చాయి. ఒకే ప్రాసెస్‌లో పది పనులు ఒకేసారి నడుస్తున్నా లొకేల్ మాత్రం ఒక్కటే మిగిలింది. 2011 ప్రమాణం సీ భాషలోకి థ్రెడ్లను అధికారికంగా తెచ్చింది కానీ లొకేల్ విషయంలో చేసిందల్లా హెచ్చరించడమే. ఒక థ్రెడ్ సెట్‌లొకేల్‌ను పిలుస్తుండగా ఇంకో థ్రెడ్ లొకేల్ మీద ఆధారపడే ఫంక్షన్‌ను పిలిస్తే డేటా రేస్ (ఒకరు మారుస్తుండగా ఇంకొకరు చదవడం) రావచ్చు అని ఒక వాక్యం రాసి ఊరుకుంది. ప్రింట్ చేసే ప్రింట్‌ఎఫ్, స్ట్రింగ్ నుంచి దశాంశ సంఖ్య చదివే స్ట్ర్‌టోడ్, తేదీ రాసే స్ట్ర్‌ఎఫ్‌టైమ్, అక్షర క్రమంలో పోల్చే స్ట్ర్‌కాల్ అన్నీ లొకేల్ మీద ఆధారపడేవే. అంటే థ్రెడ్లున్న ప్రోగ్రాంలో సెట్‌లొకేల్‌కు సురక్షితమైన చోటు ఒక్కటే: మెయిన్ మొదట్లో, ఇంకే థ్రెడ్డూ పుట్టకముందు.

ఈ నియమాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో వరంగల్‌లోనే దగ్గరగా చూశాను. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణానికి తెలుగులో తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలు, ప్రింట్ చేసే ప్రోగ్రాం ఉంది. రైతు పేరు, బస్తాలు, క్వింటాళ్లు, కిలోలు, రేటు, మొత్తం, అందులోంచి హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్ల) కోతలు, పైన తేదీ, వారం, అన్నీ తెలుగులో చక్కగా వస్తాయి. అదే ప్రోగ్రాం ఆ వివరాలను హెచ్‌టీటీపీ మీద ఇంకో సర్వర్‌కు పంపుతుంది. మిర్చి సీజన్‌లో పొద్దున జెండాపాట (వేలం) అయ్యాక పని ఊపందుకున్నప్పుడు అప్పుడప్పుడు అవతలి సర్వర్ ఆ మెసేజ్‌ను తిప్పికొట్టేది. దాన్ని చూసుకునే కుర్రాడు నాకు ఫోన్ చేసి, "అన్నా, పొద్దంతా మంచిగనే నడుస్తది. పాట అయినంక గంటసేపు మాత్రం ఇట్ల చేస్తది. సేటేమో నెట్ స్లో ఉందంటున్నడు" అన్నాడు.

లాగ్ తెరిచి చూస్తే తిప్పికొట్టిన ప్రతి మెసేజ్‌లోనూ తేదీ హెడర్‌లో వారం పేరు తెలుగులో ఉంది. హెచ్‌టీటీపీలో ఆ తేదీ ఇంగ్లిష్ వారం, ఇంగ్లిష్ నెలతోనే ఉండాలి, అది ప్రోటోకాల్ నియమం. పంపే థ్రెడ్ కోడులో ఏ తప్పూ లేదు. సీ లొకేల్ ఉందన్న నమ్మకంతో స్ట్ర్‌ఎఫ్‌టైమ్‌ను మామూలుగా పిలిచింది. తక్‌పట్టీ తయారుచేసే భాగం మాత్రం బయటి కంపెనీ ఇచ్చిన లైబ్రరీ. అది లోపల తేదీల విభాగానికి తెలుగు లొకేల్ పెట్టి, తేదీ రాసుకుని, మళ్లీ పాతది పెట్టేస్తుంది. పెట్టడానికీ తీయడానికీ మధ్య ఉన్న చిన్న సందులో రెండో థ్రెడ్ హెడర్ రాస్తే అందులో తెలుగు వారం పడుతుంది. ఒకడు బస్తా తూకం వేస్తుండగా ఇంకొకడొచ్చి అదే కాంటా సున్నా మార్చి, మళ్లీ సరిచేసి పోయినట్టు. ఎవరి పని వాళ్లకు సరిగ్గానే చేసినట్టుంటుంది, తూకం మాత్రం తప్పుతుంది. పని తక్కువున్నప్పుడు ఆ రెండూ ఒకేసారి జరగవు కాబట్టి టెస్టింగ్‌లో ఇది ఎప్పటికీ దొరకదు.

ఆ లైబ్రరీ రాసినవాళ్లు బద్ధకంగా రాయలేదు. సెట్‌లొకేల్ తిరిగిచ్చే స్ట్రింగ్‌ను ఆ తర్వాతి పిలుపు చెరిపేయవచ్చని తెలిసి, దాన్ని జాగ్రత్తగా కాపీ చేసుకుని మరీ పాత లొకేల్ తిరిగి పెట్టారు. ఇప్పటికీ చాలా పాఠాల్లో కనిపించే పద్ధతి అదే: పాతది దాచుకో, కొత్తది పెట్టు, పని అయ్యాక పాతది పెట్టు. ఒకే థ్రెడ్ ఉన్నప్పుడు అది మంచి పద్ధతే. థ్రెడ్లున్నప్పుడు దాన్ని ఎంత జాగ్రత్తగా రాసినా తప్పే, ఎందుకంటే మధ్యలో చూసేవాళ్లను అది ఆపలేదు. లాక్ పెడదామంటే కూడా కుదరదు. తమ సెట్‌లొకేల్ చుట్టూ లాక్ పెట్టుకోవచ్చు గానీ, ప్రోగ్రాంలో ఉన్న ప్రతి ప్రింట్‌ఎఫ్ చుట్టూ, వేరేవాళ్ల లైబ్రరీల్లో ఉన్న ప్రింట్‌ఎఫ్‌ల చుట్టూ ఎవరు పెడతారు?

మన దగ్గర తేదీలో బయటపడిన ఈ జబ్బు యూరప్‌లో అంకెల్లో బయటపడుతుంది. జర్మన్ లొకేల్‌లో దశాంశానికి కామా వాడతారు. ఆ లొకేల్‌లో ఉండగా స్ట్ర్‌టోడ్‌కు 0.75 అనే స్ట్రింగ్ ఇస్తే, సున్నా చదివి చుక్క దగ్గర ఆగిపోయి, సున్నా తిరిగిస్తుంది. ఎర్రర్ రాదు. ఎక్కడ ఆగిందో చూపించే పాయింటర్‌ను చూసుకుంటే తెలుస్తుంది, దాన్ని చూసేవాళ్లు తక్కువ. పైగా జీటీకే, క్యూటీ లాంటి గ్రాఫిక్స్ లైబ్రరీలు మొదలవుతూనే తమంతట తాము సెట్‌లొకేల్‌ను పిలుస్తాయి. మనం ఒక్కసారి కూడా పిలవకపోయినా మన ఫైల్ రీడర్ కింద నేల మారిపోతుంది. జీటీకే కింద ఉండే గ్లిబ్ లైబ్రరీ వాళ్లు ఎప్పుడూ చుక్కనే దశాంశంగా చూసే వేరే ఫంక్షన్ రాసుకోవాల్సి వచ్చింది. సీ++ వాళ్లు 2017లో లొకేల్‌తో సంబంధం లేకుండా అంకెలు చదివే, రాసే ఫంక్షన్లు ప్రమాణంలోకే తెచ్చారు.

సీ లైబ్రరీ రాసేవాళ్లకు ఇది తెలియక కాదు. లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో 2002 నుంచి, యునిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం పోసిక్స్‌లో 2008 నుంచి దీనికి మందు ఉంది. న్యూలొకేల్‌తో లొకేల్‌ను ఒక వస్తువులా తయారు చేసుకోవచ్చు, డూప్‌లొకేల్‌తో కాపీ తీసుకోవచ్చు, ఫ్రీలొకేల్‌తో వదిలేయవచ్చు, యూజ్‌లొకేల్‌తో దాన్ని ఈ ఒక్క థ్రెడ్‌కు మాత్రమే తగిలించవచ్చు. లోపల జరిగేది సులువుగానే అర్థమవుతుంది. లైబ్రరీ దగ్గర గ్లోబల్ లొకేల్ అనే ఒక నిర్మాణం ఉంటుంది, అందులో ఒక్కో విభాగానికి ఒక్కో పాయింటర్. ప్రతి థ్రెడ్‌కూ తన సొంత జాగాలో ఇంకో పాయింటర్ ఉంటుంది, మొదట్లో అది గ్లోబల్ లొకేల్‌నే చూపిస్తుంది. యూజ్‌లొకేల్ పిలిస్తే ఆ ఒక్క పాయింటర్ మారుతుంది, పక్క థ్రెడ్‌కు తెలియను కూడా తెలియదు. ప్రింట్‌ఎఫ్ వచ్చి తన థ్రెడ్ పాయింటర్‌ను చూసి, అక్కడున్న చుక్కో కామానో వాడుకుంటుంది.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న చోటు ఒకటుంది. థ్రెడ్ సొంత లొకేల్‌ను ఎప్పుడు వదిలేయాలో దాన్ని తయారుచేసినవాడికి తెలుసు, కాబట్టి ఫ్రీలొకేల్ కుదురుతుంది. మరి గ్లోబల్ లొకేల్ సంగతి? సెట్‌లొకేల్ కొత్తది పెట్టాక పాతదాని డేటాను లైబ్రరీ వదిలేయవచ్చా? ఏ థ్రెడ్ అప్పుడే దాన్ని చదువుతోందో చెప్పడానికి దారి లేదు. అందుకే జీలిబ్‌సీ ఒకసారి గ్లోబల్‌గా వాడిన లొకేల్ డేటా మీద ఇక ఎప్పటికీ తీసేయకూడదని గుర్తు వేసేస్తుంది. మజిల్ అనే ఇంకో సీ లైబ్రరీ కూడా ఒకసారి మెమరీలోకి తెచ్చిన లొకేల్ ఫైలును వదలదు. రెండు వేర్వేరు బృందాలు, రెండు వేర్వేరు అభిరుచులు, చేరింది మాత్రం ఒకే చోటికి. గ్లోబల్ లొకేల్‌కు యజమాని లేడు, యజమాని లేనిదాన్ని శుభ్రం చేయడం ఎవరి వల్లా కాదు. నా వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

అయితే యూజ్‌లొకేల్ వచ్చింది కాబట్టి సమస్య తీరిపోయిందనేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. అది సగం దూరమే తీసుకెళ్తుంది. కొత్తగా పుట్టిన థ్రెడ్ తనను పుట్టించిన థ్రెడ్ లొకేల్‌ను తీసుకోదు, గ్లోబల్ లొకేల్‌తోనే మొదలవుతుంది. మీరు మీ థ్రెడ్‌లో తెలుగు పెట్టుకుని ఒక లైబ్రరీని పిలిస్తే, అది పనిని లోపల ముందే సిద్ధంగా ఉంచుకున్న థ్రెడ్ల గుంపుకు (థ్రెడ్ పూల్) పంపితే, అక్కడ తెలుగు ఉండదు. పని అయ్యాక పిలవమని మీరిచ్చిన ఫంక్షన్ (కాల్‌బ్యాక్) ఇంకో థ్రెడ్ మీద నడిచినా అంతే. మధ్యలో ఆగి, ఇంకో థ్రెడ్ మీద కొనసాగే కొరూటీన్ అయితే సగం తక్‌పట్టీ తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో రావచ్చు. ఫంక్షన్ పిలుపును చూస్తే ఏ లొకేల్ వర్తిస్తుందో తెలియని పరిస్థితి అలాగే ఉంది. కనిపించని ఆర్గ్యుమెంట్ ఇంతకుముందు ప్రాసెస్‌లో దాక్కునేది, ఇప్పుడు థ్రెడ్‌లో దాక్కుంటోంది. విండోస్ దారి నాకు ఇంకా ఇబ్బందిగా అనిపిస్తుంది. అక్కడ ఒక స్విచ్ వేస్తే సెట్‌లొకేలే ఆ థ్రెడ్ వరకు పరిమితమవుతుంది. అంటే ఒకే లైను, ఎక్కడో ఇంకెవరో వేసిన స్విచ్‌ను బట్టి రెండు రకాలుగా పనిచేస్తుంది.

నేను కోరుకునేది లొకేల్‌ను మామూలు ఆర్గ్యుమెంట్‌లా చేతికివ్వడం. పోసిక్స్‌లో చివర ఎల్ అక్షరం తగిలించిన ఫంక్షన్లు ఇందుకే ఉన్నాయి: స్ట్ర్‌ఎఫ్‌టైమ్, స్ట్ర్‌కాల్, అక్షరం అవునా కాదా చూసే ఫంక్షన్లు, ఇవన్నీ లొకేల్‌ను నేరుగా తీసుకునే రూపంలో దొరుకుతాయి. మార్కెట్ ప్రోగ్రాంలో చివరికి చేసింది కూడా ఇదే. ప్రోగ్రాం మొదలైనప్పుడే తెలుగు లొకేల్ వస్తువు ఒకటి, సీ లొకేల్ వస్తువు ఒకటి తయారు చేసి పెట్టుకున్నాం. తక్‌పట్టీ రాసే చోట మొదటిది, హెడర్ రాసే చోట రెండోది ఇస్తాం. ఆ లైబ్రరీ సోర్స్ కూడా మా చేతిలో ఉంది కాబట్టి మార్చగలిగాం, మార్చాల్సిన లైన్లు కొన్నే. కోడు చదివే కొత్తవాళ్లకు కూడా ఏది మనిషి చదివేది, ఏది యంత్రం చదివేది అన్నది ఆ లైన్లోనే కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: న్యూలొకేల్‌కు తేదీల విభాగం మాత్రమే అడిగితే మిగతావన్నీ సీ లొకేల్ నుంచి వస్తాయి, అక్షరాల విభాగంతో సహా. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. దాన్ని అక్షరంగా చూడాల్సిన పని ఏదైనా ఉంటే ఆ విభాగాన్ని కూడా కలిపి అడగాలి.

ప్రమాణం మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇక్కడే. అన్నిటికంటే ఎక్కువగా వాడే రెండింటికి, ప్రింట్‌ఎఫ్‌కూ స్ట్ర్‌టోడ్‌కూ, పోసిక్స్ ఈ రూపం ఇవ్వలేదు. మాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో రెండూ ఉన్నాయి. జీలిబ్‌సీలో స్ట్ర్‌టోడ్‌కు ఉంది, ప్రింట్‌ఎఫ్‌కు లేదు. కాబట్టి ఎక్కడైనా నడవాల్సిన కోడులో అంకె ప్రింట్ చేయాలంటే యూజ్‌లొకేల్‌తో పెట్టి, ప్రింట్ చేసి, తిరిగి పెట్టాలి. థ్రెడ్ వరకే కాబట్టి పక్క థ్రెడ్లకు ప్రమాదం లేదు, ఖర్చూ తక్కువే, కానీ మధ్యలో ఎర్రర్ వచ్చి ఫంక్షన్ ముందే తిరిగొచ్చేస్తే పాతది పెట్టకుండా పోయే ప్రమాదం ప్రతిసారీ ఉంటుంది. చేతిలో ఉన్న లొకేల్ వస్తువు పేరేమిటో అడిగే ఫంక్షన్ కూడా 2024 పోసిక్స్ దాకా రాలేదు. సీ++ మాత్రం 1998లోనే ఒక్కో స్ట్రీమ్‌కు ఒక్కో లొకేల్ తగిలించే వీలు ఇచ్చింది. ఆ స్ట్రీమ్‌ల మీద ఎన్ని విమర్శలున్నా ఈ ఒక్క విషయంలో వాళ్లు ముందు చూపుతో ఆలోచించారు.

ఇక "అసలు లొకేల్ ఎందుకు, చేత్తో రాసుకుందాం" అనే వాదన. దీని వెనక ఉన్న భయం నాకు అర్థమవుతుంది, కానీ దాని ఫలితం ప్రతి ఆఫీసులోనూ చూస్తున్నాను. లక్షలకు కామాలు పెట్టే ఫంక్షన్‌ను ప్రతి ప్రాజెక్టులో ఎవరో ఒకరు కొత్తగా రాస్తారు. మైనస్ గుర్తును కూడా అంకెగా లెక్కేసి, మైనస్ పక్కనే కామా పెట్టే ఫంక్షన్లు ఎన్నో చూశాను. భారతీయ లొకేల్‌లో మొదట మూడంకెలు, ఆ తర్వాత రెండేసి అంకెలు అన్న వివరం ముందే రాసి ఉంది. ప్రింట్‌ఎఫ్‌లో ఒక్క అపాస్ట్రఫీ గుర్తు పెడితే 1234567 కాస్తా 12,34,567 అవుతుంది.

పేర్లను వరుసలో పెట్టడం ఇంకా పెద్ద విషయం. రైతుల జాబితాను లొకేల్ చూడకుండా బైట్లను మాత్రమే పోల్చే స్ట్ర్‌కంప్‌తో వరుసలో పెడితే కవిత కంటే ముందు కళావతి వస్తుంది. యూనికోడ్‌లో ళ అక్షరం వ కంటే ముందుంది కాబట్టి. మన వర్ణమాలలో వ ముందు, హ దాటాకే ళ. ఱ కూడా అంతే: యూనికోడ్‌లో ర పక్కనే ఉంటుంది, మనం బడిలో నేర్చుకున్నది చివర్లో. ఓటర్ల జాబితా, హాజరు పట్టీ, పట్టాదారుల పేర్లు, వీటిలో పేరు వెతుక్కునే మనిషికి వర్ణమాల వరుస ఉండటం చిన్న సౌకర్యం కాదు. అక్షర క్రమం పట్టిక లొకేల్‌లో ఉంటే, అందులో లోపం ఉన్నా ఒక్కచోట సరిచేస్తే అన్ని ప్రోగ్రాములకూ సరైనట్టే. చేత్తో రాసుకున్నది ఆ ఒక్క ఆఫీసులోనే ఉండిపోతుంది.

ఆ పట్టికలు మారితే పాత డేటా పాడవదా అంటే, పాడవుతుంది. 2018లో జీలిబ్‌సీ 2.28 అక్షర క్రమం పట్టికలను పెద్ద ఎత్తున మార్చింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసుల్లో పాత క్రమంలో కట్టిన ఇండెక్సులు కొత్త క్రమంతో కుదరక, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసినవాళ్లు వాటిని మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ఇది నా వాదనకు వ్యతిరేకం అనుకునేవాళ్లున్నారు. నేను మాత్రం దీన్ని నా వైపు సాక్ష్యంగానే చూస్తాను. డిస్కు మీద దాచే క్రమం యంత్రానిది, దానికి సీ లొకేల్ ఇవ్వాలి. తెర మీద, కాగితం మీద చూపించే క్రమం మనిషిది, దానికి తెలుగు ఇవ్వాలి. ఒకే ప్రోగ్రాంలో రెండూ కావాలి, ఒకే క్షణంలో కావాలి. ప్రాసెస్‌కు ఒక్క లొకేల్ అనే ఏర్పాటు ఇవ్వలేనిది సరిగ్గా దీన్నే.

కాబట్టి లైబ్రరీ రాసేవాళ్లను నేను అడిగేది కచ్చితంగా ఒకటుంది: సెట్‌లొకేల్‌ను పిలవొద్దు. తాత్కాలికంగా కూడా వద్దు, తిరిగి పెట్టేస్తామని కూడా వద్దు. ఆ హక్కు మెయిన్ రాసేవాళ్లది. మీకు తెలుగు కావాలంటే లొకేల్ వస్తువును ఆర్గ్యుమెంట్‌గా అడగండి. ఇంజనీరింగ్ కాలేజీల్లో చెప్పే సార్లకు కూడా ఇదే చెబుతాను: పాతది దాచి, కొత్తది పెట్టి, మళ్లీ పాతది పెట్టే ఆ పాఠం ఆపేయండి, న్యూలొకేల్‌తో మొదలుపెట్టండి.

మొదలుపెట్టేవాళ్లు టెస్టు కూడా రాయాలి, ఆ టెస్టు ఎక్కడ నడుస్తోందో చూసుకోవాలి. మా టెస్టులో ఒక థ్రెడ్ తెలుగు తేదీలు, ఒకటి జర్మన్ అంకెలు, ఒకటి సీ లొకేల్ హెడర్లు ఆగకుండా రాస్తుంటాయి, నాలుగోది వాటిని సరిచూస్తుంది. ప్రోగ్రాం నడపడానికి కావాల్సినవన్నీ కట్టిపెట్టే చిన్న డాకర్ ఇమేజ్‌లలో సాధారణంగా తెలుగు లొకేల్ ఫైలు ఉండదు. జీలిబ్‌సీ మీదైతే న్యూలొకేల్ శూన్యం తిరిగిస్తుంది, దాన్ని సరిచూడకుండా యూజ్‌లొకేల్‌కు ఇస్తే ఏమీ మారదు, అసలు తెలుగు లేకుండానే టెస్టు నడుస్తుంది. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ మీద మజిల్ ఉంటుంది కాబట్టి అక్కడ కథ వేరు. తెలుగు లొకేల్ ఫైలు లేకపోయినా అది ఆ పేరును ఒప్పుకుని లొకేల్ వస్తువు ఇచ్చేస్తుంది, వారాల పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లోనే వస్తాయి. దశాంశం కూడా అక్కడ ఎప్పుడూ చుక్కే, జర్మన్ అడిగినా సరే. అందుకే మొదటి థ్రెడ్ పుట్టకముందే ఒక సోమవారం తేదీని తెలుగు లొకేల్‌తో రాయించి, వచ్చిన బైట్లను పోల్చి చూస్తాం. అవి తెలుగు కాకపోతే టెస్టు పాసైనట్టు చూపించకుండా అక్కడే ఆపేస్తాం.